ఛాట్ కట్టలు ఎవరివి?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు దండాలు. అందరి పేర్లూ చదువుతూ పోతే మీలో సగం మంది వంటకు లేచిపోతారు. మేడే కదా, బీడీలు చుట్టే మనకు సంఘాల చరిత్ర చెప్పమన్నారు. చెప్తాను.

1918 ఏప్రిల్‌లో మద్రాసు పెరంబూరులో బట్టల మిల్లు కార్మికులు మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. బి.పి. వాడియా అధ్యక్షుడు. తర్వాత మిల్లువాళ్లు ఆయన్నే కోర్టుకీడ్చారు. ఆ గొడవ అయ్యాకే 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. సంఘం రిజిస్టరుకు ఏడుగురు సంతకం పెడితే చాలన్నారు. ఏడుగురంటే ఎంత? మన వాడకట్టులో ఒక్క అరుగు మీద పడతారు.

అరుగంటే మా అమ్మే గుర్తొస్తుంది. రాత్రే తునికాకు తడిపి గోనెలో చుట్టి పెట్టేది. పొద్దున చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడిచేది. వెయ్యి బీడీలు, నలభై కట్టలు. సాయంత్రం కార్ఖానాలో బీడీలు పరీక్షించే చెకర్ రెండు కట్టలు తీసి వేళ్లతో నొక్కి, ‘ఛాట్’, అంటే పనికిరావు, అని పక్కకు పడేసేవాడు. వాటికి కూలి లేదు. వాళ్లిచ్చిన ఆకు చాలక మేం కొనుక్కున్న ఆకు డబ్బూ పోయినట్టే. ఒకరోజు అమ్మ అడిగింది: “పనికిరానివైతే నాకియ్యి సారూ, పొయ్యిల ఏసుకుంట.” ఇవ్వలేదు. ఆ కట్టలు వాడి సంచిలోకే పోయాయి. పనికిరానివి సంచిలోకెందుకమ్మా?

చరిత్ర కదా చెప్తున్నాను. 1966 బీడీ కార్మికుల చట్టంలో ఈ ఛాట్ సంగతీ రాశారు. బీడీలు తీసేసినా, వాటి కూలి ఎగ్గొట్టినా ఆ తగాదా తీర్చడానికి అధికారి ఉండాలన్నారు. ఇంట్లో చుట్టేవాళ్లూ కార్మికులే అంది ఆ చట్టం. అమ్మకు ఇవేవీ తెలియవు. తెలిసినా ఒక్కతే పోయి ఎవర్నడుగుతుంది? మర్నాడు మా వరుస ఇళ్లలో తొమ్మిదిమంది ఆకు తీసుకోలేదు. రెండు రోజులు పొయ్యి మీద గంజే. మూడోనాడు చెకర్ కట్టల్ని ఊరికే ముట్టుకుని వదిలేశాడు. అప్పటికి జెండా లేదు, రసీదు పుస్తకం లేదు.

2001లో ట్రేడ్ యూనియన్ల చట్టానికి సవరణ తెచ్చి, సంఘం రిజిస్టరుకు అక్కడి కార్మికుల్లో పదిశాతం మంది గానీ వందమంది గానీ, ఏది తక్కువైతే అంతమంది ఉండాలన్నారు. ఇళ్లల్లో చెదిరున్న మనలో పదిశాతం ఎంతో ఎవరు లెక్క చెప్తారు, ఆకు ఇచ్చి బీడీలు చుట్టించుకునే టేకేదారా? వాడి రిజిస్టర్‌లో ఒక్క పేరుంటే ఇంట్లో ముగ్గురు చుడుతుంటారు. పీఎఫ్ ఆ ఒక్కరికే.

రాసుకొచ్చింది ఇంకా రెండు పేజీలుంది. వద్దులెండి. నిన్న ఎవరి కట్టలు ఛాట్ పోయాయి? చేతులెత్తండి. ఆ స్తంభం పక్క చెల్లె, నీవెన్ని? మూడా? రేపు సాయంత్రం కార్ఖానాకు నీతో నేనూ వస్తాను. పక్కింటామెను కూడా పిలుచుకునిరా.