నూనె లేని ప్లేటులో శోభి మొలవదు

అందరికీ నమస్కారం. ముందు నా చేతిలోని ఈ రెండు ప్లేట్లు చూడండి. వెనక బెంచీల వాళ్లు లేచి దగ్గరికి రండి, ఫరవాలేదు. రెండింటి మీదా ఒకే మనిషి వీపు నుంచి గీకిన పొట్టు రుద్దాం, ఒకే రోజు, ఒకే ఇంక్యుబేటర్‌లో పెట్టాం. ఇది మామూలు సాబురాడ్ అగర్, అంటే ఫంగస్‌ను పెంచడానికి తిండి కలిపి గడ్డకట్టించిన జెల్లీ, మనందరం ఎస్‌డీఏ అనేది. వారమైనా ఖాళీ. ఇది కొవ్వు కలిపిన డిక్సన్ అగర్. దీని మీద మీగడ రంగులో ఆవగింజంత కాలనీలు లేచాయి.

అవి శోభి మచ్చలు తెచ్చే ఈస్ట్, మలాసీజియా. మన పాలమూరు ఎండలో, చెమటలో రోజంతా పనిచేసేవాళ్ల మెడ మీద, వీపు మీద ఈ మచ్చలు చాలా చూస్తాం. ఆడపిల్లకు వస్తే ఇంట్లోవాళ్లు బొల్లి అనుకుని, పెళ్లి ఎట్లా అని టెన్షన్ పడిపోతారు.

నేను ల్యాబ్‌లో చేరిన కొత్తలో ఇలాంటి శాంపిళ్లన్నీ ఎస్‌డీఏ మీదే వేసి, ఏమీ మొలవకపోతే "గ్రోత్ లేదు" అని రాసి పంపేవాణ్ని. ఒకరోజు ఒక తండ్రి ఆ కాగితం పట్టుకుని తిరిగి వచ్చాడు. "ఏం లేదని రాసిండ్రు గద సారూ, మరి బిడ్డ మెడ మీద మచ్చ యాడికెళ్లొచ్చింది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అదే శాంపిల్‌ను, చర్మపు పొట్టును కరిగించే కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెడితే సేమ్యా, సగ్గుబియ్యం కలిపిన పాయసంలా పొట్టి పోగులు, గుండ్రటి కణాలు నిండుగా కనబడ్డాయి. స్లైడ్ మీద ఇంతగా ఉన్నది ప్లేటు మీద లేదంటే, తప్పు చర్మానిది కాదు, నేను పెట్టిన తిండిది.

కారణం చాలా సూటిగా ఉంటుంది. మలాసీజియాకు సొంతంగా కొవ్వు ఆమ్లాలు తయారుచేసుకునే శక్తి లేదు, ఆ పని చేసే ఎంజైమ్ జన్యువే దానిలో లేదని 2007లో మలాసీజియా గ్లోబోసా జీనోమ్ చదివినప్పుడు తేలింది. మన చర్మం జిడ్డును లైపేజ్ అనే ఎంజైమ్‌తో విరగ్గొట్టుకుని తిని బతుకుతుంది. కుక్క చెవుల్లో ఉండే మలాసీజియా జాతి పాకిడెర్మాటిస్ మాత్రం ఎస్‌డీఏ మీద మొలుస్తుంది, మనుషుల చర్మం మీదివి దాదాపు ఏవీ మొలవవు.

మరి కొవ్వు ఎలా పెట్టాలి? ఎస్‌డీఏ మీద స్టెరైల్ ఆలివ్ నూనె పూయడం పాత పద్ధతి. నూనెను ఆవిరితో స్టెరైల్ చేసే ఆటోక్లేవ్‌లో పెట్టకండి, ఆవిరి దాని లోపలికి పోదు, వేడిగాలి ఓవెన్ వాడాలి. కానీ నూనె అగర్ మీద బొట్లు బొట్లుగా విడిపోతుంది, కాలనీలు ఒక మూల గుంపుగా వస్తాయి, అందుకే నాకు డిక్సన్ అగరే ఇష్టం. లీటరుకు మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 36 గ్రాములు, పెప్టోన్ 6, ఎద్దు పిత్తం పొడి 20, ట్వీన్ 40 అనే కొవ్వు ద్రవం పది మిల్లీలీటర్లు, గ్లిసరాల్ 2, ఓలియిక్ ఆమ్లం 2, అగర్ 12 గ్రాములు, పీహెచ్ 6. మన పేగుల్లో పైత్యరసం చేసే పనే ఇక్కడ పిత్తం చేస్తుంది, కొవ్వును సన్నని చుక్కలుగా నీళ్లలో కలుపుతుంది. బ్యాక్టీరియాను ఆపడానికి క్లోరాంఫెనికాల్, బూజును ఆపడానికి సైక్లోహెక్సిమైడ్ వేయండి, మన ఈస్ట్ రెండింటినీ తట్టుకుంటుంది.

దీనికి కావాల్సింది 32 నుంచి 34 డిగ్రీలు. మే నెలలో మన గదే 40 దాటుతుంది, మామూలు ఇంక్యుబేటర్‌కు వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. 40 డిగ్రీల దగ్గర మలాసీజియాలోని గ్లోబోసా, రెస్ట్రిక్టా జాతులు మొలవవు. కాబట్టి చల్లబరిచే బీఓడీ ఇంక్యుబేటర్ కావాలి, రెండు వారాల దాకా ఆగాలి, అంతవరకు అగర్ ఎండకుండా ప్లేట్లను కవర్‌లో చుట్టి పక్కన గిన్నెలో నీళ్లు పెట్టాలి. ఈ గిన్నెడు నీళ్లను చిన్న విషయం అనుకోకండి.

మొలిచింది ఏ జాతో తెలియాలంటే ట్వీన్ పరీక్ష ఉంది. ఈస్ట్ కలిపిన అగర్‌లో గుంటలు చేసి ట్వీన్ 20, 40, 60, 80, క్రెమోఫోర్ ఈఎల్ నింపితే, ఏ గుంట చుట్టూ మొలిచిందో దాన్ని బట్టి జాతిని అంచనా వేస్తాం. ఫర్ఫర్ అనే జాతి అన్ని ట్వీన్ల చుట్టూ మొలుస్తుంది, గ్లోబోసా, రెస్ట్రిక్టా దేని చుట్టూ మొలవవు. క్రెమోఫోర్ ఆముదం నుంచి చేసేదే. మన పాలమూరు, నల్లగొండ చెల్కల్లో పండే ఆముదం ల్యాబ్ సీసాలో ఇలా పనికొస్తుందని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

అసలు కష్టం మందుల పరీక్షలో ఉంది. క్యాండిడా అనే ఇంకో ఈస్ట్‌కు వాడే ఆర్‌పీఎంఐ 1640 అనే పెంపక ద్రవంలో కొవ్వు ఉండదు, కాబట్టి ఇది పెరగదు. కొవ్వు కలిపితే పెరుగుతుంది, కానీ కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్ లాంటివి కొవ్వులో కలిసిపోయే మందులు, కొంత మందు ఈస్ట్‌కు అందకుండా కొవ్వులోనే ఉండిపోవచ్చు. పైగా కణాలు ముద్దలు కడతాయి, గాజుపూసలు వేసి బాగా కుదిపి విడదీయాలి. అందుకే ఒక మీడియంలో (పెంచే తిండిలో) వచ్చిన ఎంఐసీ అంకెను, అంటే ఈస్ట్ పెరుగుదలను ఆపే కనీస మందు మోతాదును, ఇంకో మీడియం అంకెతో పోల్చకండి. రిపోర్టులో మీడియం పేరు, ఎన్ని గంటలకు చదివారో తప్పకుండా రాయండి. ఏ జాతో ముందే తెలిసిన స్ట్రెయిన్‌ను పోలిక కోసం తోడుగా పెట్టకుండా పరీక్ష మొదలుపెట్టకండి.

ఇంకొకటి. మొలిచినవాటిని ఫ్రిజ్‌లో పెట్టి దసరా సెలవులకు ఊరికి పోయాను, తిరిగొచ్చేసరికి ఒక్కటీ బతికిలేదు. అప్పటినుంచి తరచూ కొత్త ప్లేటుకు మారుస్తున్నాను, ఎక్కువకాలం దాచాల్సినవి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంచుతున్నాను.

వెనక బల్ల మీద రెండు మైక్రోస్కోపులు పెట్టాం. ఎడమవైపు దాంట్లో ఆ పాయసం స్లైడ్ ఉంది, కుడివైపు దాంట్లో ఈ ప్లేటు మీది కాలనీ. వరుసగా వచ్చి చూడండి, అద్దం మీద నూనె చుక్క ఉంది, చేతులు తగలనీయకండి.