గుంటూరు, గ్రహణం, హీలియం: ఒక్క జీకే బిట్‌ని మొదలంటా చదువుదాం

అందరికీ నమస్కారం. గ్రూప్స్‌కి, డీఎస్సీకి, రైల్వే పరీక్షలకి చదువుతున్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉండే బిట్ ఒకటి తెర మీద పెట్టాను. "హీలియం ఉనికికి తొలి ఆధారం దొరికిన పట్టణం ఏది?" గుంటూరు అని ఠక్కున చెప్పేస్తారు. పక్కన దాన్ని చూసిన శాస్త్రవేత్త జాన్సెన్, 1868 అని కూడా రాసుకునే ఉంటారు.

సరే, ఇదే ప్రశ్నని కొంచెం తిప్పి అడుగుతాను. "హీలియంని భూమ్మీద తొలిసారి వేరుచేసింది ఎవరు?" ఇక్కడ చాలామంది మళ్లీ జాన్సెన్ దగ్గరే టిక్ పెట్టేస్తారు, మార్కు పోతుంది. బట్టీ పట్టిన బిట్‌తో వచ్చే చిక్కే ఇది. అసలు ఏం జరిగిందో తెలిస్తే ప్రశ్నని ఎటు తిప్పినా దొరికిపోతుంది. ఈ వీడియోలో ఈ ఒక్క బిట్‌నే విప్పి చూద్దాం.

ముందు వంటింట్లోకి వెళ్దాం. కెమెరా స్టవ్ దగ్గరికి తీసుకొస్తున్నా. బర్నర్ సిమ్‌లో ఉంది, మంట నీలంగా ఉంది చూశారా? ఇప్పుడు చిటికెడు ఉప్పు, నాలుగు రేణువులంతే, మంట మీద వేస్తున్నా. చూడండి! ఒక్కసారిగా చిక్కటి పసుపు. పాత వీధి దీపాల్లో ఉండే పసుపు అచ్చం ఇదే. ఉప్పులో ఉన్న సోడియం వేడెక్కినప్పుడు ఇచ్చే రంగు ఇది. (చిన్నపిల్లలు ఉంటే పెద్దవాళ్లే చేసి చూపించండి. ఉప్పు ఎక్కువ వేస్తే బర్నర్ రంధ్రాలు పూడుకుపోతాయి.)

ఇప్పుడు ఒక పాత సీడీ తీసుకోండి. రాత్రిపూట గదిలో ఎల్ఈడీ బల్బు ఒక్కటే వేసి, సీడీని వాలుగా పట్టుకుని దాంట్లో పడే రంగుల్ని చూడండి. ఎరుపు నుంచి ఊదా దాకా ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతూ కనబడతాయి. ఇంట్లో పాత సీఎఫ్ఎల్ ఉంటే దాన్ని కూడా అలాగే చూడండి. ఇక్కడ రంగులు విడివిడిగా తెగిపోయి ఉంటాయి. ఎందుకంటే సీఎఫ్ఎల్ లోపల ఉన్నది పాదరసం ఆవిరి, గాజు లోపలి గోడకి ఫాస్ఫర్ అనే వెలుగిచ్చే పొడి పూత. అవి కొన్ని ప్రత్యేకమైన రంగుల్నే ఎక్కువగా ఇస్తాయి. వేడెక్కిన వాయువు ఏదైనా ఇంతే. ఒక్కో మూలకానికి తనవే అయిన కొన్ని రంగు గీతలు ఉంటాయి, ఇంకో మూలకం గీతలతో అవి కలవవు. ఈ గీతల్ని విడదీసి చూపించే పరికరమే స్పెక్ట్రోస్కోప్. ఒక్క విషయం గట్టిగా చెబుతున్నా: ఈ సీడీతో సూర్యుణ్ణి మాత్రం చూడొద్దు. కళ్లు పోతాయి.

ఈ సంగతి పట్టుకుని 1868 ఆగస్టు 18కి వెళ్దాం. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ మన తీరం మీదుగా సాగింది. దాన్ని చూడటానికే ఫ్రాన్స్ నుంచి జూల్స్ జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్ వెంటబెట్టుకుని గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు.

గ్రహణం పూర్తిగా పట్టిన ఆ కొద్ది నిమిషాల్లో, సూర్యుడి అంచున ఎర్రటి నాలుకల్లా లేచే జ్వాలలు కనబడ్డాయి. జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్‌ని వాటి మీదికి తిప్పాడు. మెరిసే గీతలు! అంటే అది వేడెక్కిన వాయువు, అందులో ముఖ్యంగా హైడ్రోజన్. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనకి అప్పుడే తట్టింది. మర్నాడు, ఆగస్టు 19న, మామూలు ఎండలోనే చూసి చూపించాడు. నా దృష్టిలో గుంటూరులో జరిగిన గొప్ప పని ఇదే. అప్పటిదాకా ఆ జ్వాలల కోసం గ్రహణం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాల్సిందే. ఇకమీదట ఏ రోజైనా చూడొచ్చు. బిట్ బుక్కుల్లో ఈ ముక్క దాదాపుగా కనబడదు, అదే నాకు బాధ.

మరి హీలియం? ఆ గీతల్లో పసుపు రంగుది ఒకటి ఉంది. పసుపు అనగానే అందరికీ సోడియమే గుర్తొస్తుంది, ఇందాక మన స్టవ్ మీద చూశాం కదా. సోడియం గీతలు రెండు, తరంగదైర్ఘ్యం (ఒక్కో రంగుకీ ఉండే కొలత) 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర. ఈ కొత్త గీత 587.6 దగ్గర. దగ్గరి సోడియం గీతతో తేడా ఒకటిన్నర నానోమీటర్లు కూడా లేదు! మన సీడీలో అయితే రెండూ ఒకటిగానే కనబడతాయి. ఆ గీత సోడియంతో సరిగ్గా కలవడం లేదని మచిలీపట్నంలో పోగ్సన్ గమనించాడు.

ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ కూడా గ్రహణం లేకుండానే ఆ జ్వాలల్ని చూసే దారి కనిపెట్టి, 1868 అక్టోబరు 20న చూశాడు. జాన్సెన్ ఉత్తరం, లాకియర్ సమాచారం ప్యారిస్‌లోని సైన్స్ అకాడమీకి ఒకే రోజు అందాయి. ఇద్దరికీ సమానంగా గౌరవం ఇస్తూ, ఇద్దరి ముఖాలూ వేసి ఫ్రాన్స్ ఒక పతకం కూడా తయారుచేయించింది. ఆ పసుపు గీత మనకి తెలిసిన ఏ మూలకానిదీ కాదు, కొత్తది అని వాదించి నిలబడినవాడు లాకియర్. గ్రీకుల సూర్యుడు హీలియోస్ పేరు మీద వచ్చిందే హీలియం. నేచర్ అనే సైన్స్ పత్రికని 1869లో మొదలుపెట్టింది కూడా ఈ లాకియరే, ఇదీ పరీక్షల్లో అడగదగ్గ ప్రశ్నే.

అయినా చాలామంది నమ్మలేదు. సూర్యుడిలో ఉండి భూమ్మీద లేని మూలకం ఏమిటని వాళ్ల అనుమానం. ఆ అనుమానం తీరడానికి 1895 దాకా పట్టింది. లండన్‌లో విలియం రామ్సే ఆర్గాన్ అనే వాయువు కోసం వెతుకుతూ, క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంతో వేడిచేశాడు. వచ్చిన వాయువుని స్పెక్ట్రోస్కోప్‌లో చూస్తే అదే పసుపు గీత!

యురేనియం రాయిలోనే ఎందుకు దొరికింది? యురేనియం క్షీణిస్తూ ఆల్ఫా కణాల్ని వదులుతుంది. ఆల్ఫా కణం అంటే హీలియం కేంద్రకమే. అది రాతిలోనే చిక్కుకుపోతుంది. ఇప్పుడు మనం వాడే హీలియం కూడా అలా నేల లోపల తయారై, సహజవాయువుతో కలిసి బయటికొచ్చేదే. విశ్వంలో హైడ్రోజన్ తర్వాత అత్యధికంగా ఉన్నది ఇదే. మన గాలిలో మాత్రం పది లక్షల పాళ్లలో అయిదు పాళ్లే. మరీ తేలిక కాబట్టి అంతరిక్షంలోకి జారిపోతుంది.

దీని ఉపయోగం అంటే బెలూన్ ఒక్కటే గుర్తొస్తుంది చాలామందికి. ఆసుపత్రిలో ఎంఆర్ఐ యంత్రం ఉంటుంది కదా, దాని అయస్కాంతం సూపర్ కండక్టర్‌గా, అంటే కరెంటుకి ఏ అడ్డూ లేకుండా, పనిచేయాలంటే విపరీతమైన చలి కావాలి. మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే ద్రవ హీలియమే ఆ చలిని ఇస్తుంది. హీలియంని తొలిసారి ద్రవంగా మార్చింది కామర్లింగ్ ఓనెస్, 1908లో, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో. ఆ చలి చేతికొచ్చాకే, 1911లో, సూపర్ కండక్టివిటీ బయటపడింది.

ఇప్పుడు మీరే చేయాల్సిన పని. ఆర్గాన్ బిట్ తీసుకోండి: 1894, రేలీ, రామ్సే. గాలి నుంచి తీసిన నైట్రోజన్, రసాయనాల నుంచి తయారుచేసిన నైట్రోజన్ కన్నా కాస్త బరువుగా తూగింది. ఎందుకు? పుస్తకం తెరవకుండా ఆలోచించి, మీ జవాబు కింద కామెంట్లో రాయండి.