గొయ్యి తవ్వకండి, పోగు వేయండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదివితే కరెంటు పోయేలోపు విషయం తెమలదు. మన్నించాలి.

దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాయి. మిషను వదిలేసిన గడ్డికి సాయంత్రానికల్లా నిప్పు పెట్టేస్తున్నాం. దాంతో గడ్డిలోని నత్రజని దాదాపు అంతా గాలికి పోతుంది. పోనీ, పచ్చిగడ్డినే నీరు పెట్టి దున్నే దమ్ములో తొక్కించి వారంలో నాట్లు వేసేస్తే? అది నీటి అడుగున కుళ్లి నాటు పసుపెక్కుతుంది, వేళ్లు నల్లబడి మురిగిన కోడిగుడ్డు కంపు కొడతాయి.

అందుకే కంపోస్టు. ఏ కరపత్రం చూసినా మూడడుగుల గొయ్యి తవ్వమంటుంది. మెట్టలో సరే, అక్కడ తేమ ఆరిపోకుండా గొయ్యి కాపాడుతుంది. ఇది డెల్టా అండీ! ధవళేశ్వరం నుంచి కాలువలు వదిలాక మన దొడ్లో ఎంత లోతున నీరు తగులుతుందో మీకు నేను చెప్పాలా? గొయ్యిలో నీరూరితే గాలి ఆడదు, వేడి పుట్టదు. మిగిలేది కుళ్లు.

మెరక చూసి పోగు వేయండి. వెడల్పు ఐదారడుగులు, ఎత్తు నాలుగైదు, పొడవు మీ ఇష్టం. అడుగున కొబ్బరి మట్టలు పరిస్తే కింద నుంచి గాలి ఆడుతుంది. పైన అడుగు మందాన తడిపిన గడ్డి, దాని మీద పేడనీళ్లు, మళ్లీ గడ్డి. టన్ను గడ్డికి 5 కిలోల యూరియా నీళ్లలో కలిపి వరసల మీద చల్లాలి. గడ్డిలో కర్బనం నత్రజనికి 80 రెట్లు దాకా ఉంటుంది, సూక్ష్మజీవులకు 30 రెట్లుంటే చాలు. ఆ లోటు తీర్చడానికే పేడా, యూరియా, పచ్చి ఆకూ అలమూ, అదే పచ్చిరొట్టా.

పచ్చిరొట్టంటే గుర్తొచ్చింది, గుర్రపుడెక్క! కాలువలో తీసి గట్టు మీద పారేస్తున్నాం. అది పదింట తొమ్మిది వంతులు నీరే. నరికి, రెండు మూడు రోజులు వాడబెట్టాకే పోగులో వేయండి. అరటి బోదెలూ అంతే. పూత రాకముందే తీయాలి, లేకపోతే విత్తనం చేలోకొస్తుంది. ఫ్యాక్టరీ మురుగు కలిసే డ్రెయిన్లలోది మాత్రం ముట్టుకోవద్దు, విషపు లోహాలు పీల్చుకుని ఉంటుంది.

ఐదో రోజున ఇనుప చువ్వ మధ్యకి గుచ్చి, పది నిమిషాలాగి తీసి పట్టుకోండి. చెయ్యి ఓర్చుకోలేకపోతే దారిలో పడ్డట్టే. చల్లగా ఉంటే గుప్పెడు తీసి పిండండి. చుక్క కూడా రాకపోతే నీరు చాలలేదు, ధార కడితే ఎక్కువైంది. ఒకటి రెండు చుక్కలు రావాలి. అలా తేమ ఉండీ వేడెక్కకపోతే పేడ తగ్గినట్టు. లోపల బూడిద రంగు బూజు కనబడితే ఎండిపోతోందని. పదిహేను రోజులకోసారి, అంచుల్లోది మధ్యకి వచ్చేలా, మూడుసార్లు తిరగెయ్యండి. తిరగెయ్యని పోగు మూడు నెలలకీ గడ్డిగానే ఉంటుంది. వాన మొదలైతే తాటాకు కప్పండి, పాలిథీన్ బిగించి ఊపిరాడకుండా చేయకండి.

ఇప్పుడు పోగు వేస్తే తొలి పంట సార్వా దమ్ముకి అందుతుంది. ఎకరానికి తయారైన కంపోస్టు 2 టన్నులు వేయండి. అందులో సగం తేమే, నత్రజని 10 కిలోలకి అటూ ఇటూ, అంటే యూరియా అరబస్తా. అదీ అంతా ఒక్క పంటకే అందదు. కాబట్టి మొదటి ఏడే యూరియా మానేయకండి.