రంగు పోయింది సరే, మిగతాది?

హోస్ట్: అన్నా, నువ్వు పంపిన వీడియో చూశా, బట్టలకి రంగులద్దే యూనిట్ నుంచి వచ్చిన ఎర్ర నీళ్ళు బ్యాక్టీరియా వేస్తే రాత్రికి రాత్రే తేటగా అయిపోయాయి. బ్యాక్టీరియా మొత్తం తినేసిందా?

గెస్ట్: ఇక్కడే అందరూ బోల్తా పడతారు తమ్ముడూ. తినలేదు, తెంపింది అంతే. బట్టలకి వేసే సింథటిక్ రంగుల్లో సగానికి పైగా అజో డైలే, మధ్యలో రెండు నైట్రోజన్లు డబుల్ బాండ్‌తో ఉంటాయి, బ్యాక్టీరియాలో అజోరిడక్టేజ్ అనే ఎంజైమ్ ఎన్‌ఏడీహెచ్ అనే, కణంలో ఎలక్ట్రాన్లు మోసే అణువు దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకుని దానికి ఇస్తుంది, బాండ్ తెగుతుంది, రంగు హుష్‌కాకి.

హోస్ట్: మంచిదేగా మరి?

గెస్ట్: తెగిన ముక్కలు ఏంటో చూడాలిగా! ఆరోమాటిక్ అమైన్లు, అంటే బెంజీన్ లాంటి రింగుకి నైట్రోజన్ గ్రూపు అతుక్కున్న రసాయనాలు. రంగు ఉండదు కాబట్టి కంటికి ఆనవు, కానీ కాంగో రెడ్ అనే అజో డైని తెంపితే బెంజిడిన్ వస్తుంది, అది క్యాన్సర్ తెచ్చే సరుకు.

హోస్ట్: వామ్మో.

గెస్ట్: అందుకే రెండు ట్యాంకులు. రంగుని తెంపే మొదటి దాంట్లోకి గాలి పోకూడదు, ఆక్సిజన్ ఉంటే ఎలక్ట్రాన్లన్నీ అదే లాగేసుకుంటుంది. రెండో దాంట్లో ఎయిరేటర్లు ఆన్ చేసి వేరే బ్యాక్టీరియాతో ఆ అమైన్లని విరగ్గొట్టించాలి, సల్ఫోనేట్ గ్రూపులు (రంగు నీళ్ళలో కరగడానికి తగిలించే సల్ఫర్ ముక్కలు) ఉన్నవైతే ఒక పట్టాన లొంగవు. అన్నట్టు ఇదే పని మన పేగుల్లో బ్యాక్టీరియా కూడా చేస్తుంది తెలుసా? జర్మనీలో డోమాక్ అనే సైంటిస్టు ప్రోంటోసిల్ అనే ఎర్ర రంగుని బ్యాక్టీరియా జబ్బులకి మందుగా పట్టుకున్నాడు, టెస్ట్‌ట్యూబ్‌లో పనిచేయదు, ఎలుకకి ఇస్తే పనిచేస్తుంది! 1935లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తేల్చారు, ఒంట్లో అజో బాండ్ తెగి బ్యాక్టీరియాని అణిచే సల్ఫనిలమైడ్ బయటికొస్తోందని.

హోస్ట్: అబ్బ, అదిరింది. మరి తమిళనాడులో బట్టల డైయింగ్‌కి పేరున్న తిరుప్పూర్ లాంటి చోట ఇది పెట్టేస్తే అయిపోతుందిగా?

గెస్ట్: అవదు. 2011లో మద్రాస్ హైకోర్టు అక్కడి డైయింగ్ యూనిట్లు మూసేయమంది కదా, ఆ యూనిట్ల నీళ్ళు కలిసిన నొయ్యల్ నది గొడవలో రంగొక్కటే కాదు, ఉప్పు కూడా ఉంది. కాటన్‌కి రియాక్టివ్ డై (నూలు పోగుతో రసాయనికంగా అతుక్కునే రంగు) పట్టాలంటే ముదురు షేడ్లకి లీటరుకి 50 గ్రాములు దాటి ఉప్పు పోస్తారు, ఆ ఉప్పుని ఏ ఎంజైమూ తీసేయలేదు, మామూలు బ్యాక్టీరియా అయితే అందులో నీరసపడిపోతుంది కూడా. ఉప్పుని వడగట్టే ఆర్వో, మిగిలిన నీళ్ళని ఆవిరి చేసే ఎవాపరేటర్ ఎలాగూ తప్పవు. బయో ట్యాంకు ముందు పెడితే ఆర్వోలో వడగట్టే పొర, అదే మెంబ్రేన్, తొందరగా పూడకుండా ఉంటుంది, నన్నడిగితే దీని అసలు లాభం అదే.

హోస్ట్: పోనీ ఎంజైమ్ పౌడర్ డబ్బా కొని కలిపేస్తే?

గెస్ట్: అజోరిడక్టేజ్‌తో దండగ, ఎన్‌ఏడీహెచ్ విడిగా కొని పోయాలంటే చేతి చమురు వదులుతుంది. లక్కేస్ అనే ఇంకో ఎంజైమ్ అయితే గాల్లో ఆక్సిజన్‌తోనే నడుస్తుంది, అది వేరే లెక్క. లేదంటే బతికున్న బ్యాక్టీరియాకే కాస్త మొలాసిస్ (చక్కెర మిల్లు మడ్డి) పడేస్తే కావాల్సిన ఎన్‌ఏడీహెచ్ అదే తయారుచేసుకుంటుంది.