బొమ్మా బొరుసా? షూటౌట్‌లో ఆ రూపాయి బిళ్ళతోనే నా తగాదా

నమస్తే ప్పా, అందరూ బాగుండారా? అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. వెనకాల గుయ్యిమని వినపడేది మైకు తప్పు కాదు, ఆషాఢం గాలి. దాన్ని ఆపడం మన చేతిలో లేదు, కొంచెం సర్దుకోండి.

మొన్న ఆదివారం మా కాలనీ ఫుట్‌బాల్ టోర్నమెంట్ ఫైనల్. జట్టుకు ఏడుగురు. ఆట ఒకటికి ఒకటి సమం, షూటౌట్ అన్నారు, అంటే జట్టుకు ఐదు పెనాల్టీలు, వంతులేసుకోని తన్నేది. రెఫరీగా నిలబడిన పీఈటీ సారు "టాస్‌కు రూపాయి బిళ్ళ ఇయ్యండ్రా" అని అడిగితే, అంతమంది జనంలో ఒక్కడి జేబులో బిళ్ళ లేదు. అందరిదీ ఫోన్‌పేనే! ఇంక చేసేదేముంది, ఒక పెంకు ఏరుకోని, ఒకపక్క ఉమ్మేసి, తడి-పొడి వేసినాం. మేము తడి అన్నాం. పొడి పడింది. వాళ్ళు ఇంకో మాట లేకుండా "మేమే ముందు తంతాం" అన్నారు.

ఆ తొందర చూడండి. ముందు తన్నితే ఏదో లాభం ఉందని పన్నెండేళ్ళ పిల్లోనికి కూడా తెలుసు.

ఇంక అక్కడి నుంచి మా పని ఎప్పుడూ వెనకాల పరిగెత్తడమే. వాళ్ళు వేస్తారు, మేము సమం చేయాల. మళ్ళా వాళ్ళు వేస్తారు, మళ్ళా మేము సమం చేయాల. ఐదోది మా చిన్నాయన కొడుకు తన్నాల. వాళ్ళు ఐదుకు ఐదు వేసేసినారు. మావాడు బాలు పెట్టినాడు, గాలికి అది కదిలింది, మళ్ళా పెట్టినాడు. బూటు ముక్కును పిక్కకేసి రెండుసార్లు తుడుచుకున్నాడు. మాకు క్రాస్‌బార్ అంటే రెండు వెదురు బొంగులకు కట్టిన తాడు. బాలు ఆ తాడు మీదుగా పోయింది. కింద నుంచే పోయిందని మావాళ్ళు పావుగంట కొట్లాడినారు గానీ, పైనుంచే పోయింది. నేను చూసినా.

అందుకే ఈ వీడియో. షూటౌట్ అంటే లాటరీ అని చాలామంది తిడతారు కదా, నేను ఒప్పుకోను. 11 మీటర్ల నుంచి తన్నేది పనితనమే. కీపర్ గోలు గీత మీద కనీసం ఒక కాలు పెట్టుకోని దాన్ని ఆపేది ఇంకా పెద్ద పనితనం. లాటరీ ఉండేది ఎవరు ముందు, ఎవరు వెనక అనే ఆ వరసలో.

అసలు షూటౌట్ ఎందుకు పుట్టింది? బిళ్ళను తీసిపారేయడానికి. 1968 యూరో, అంటే యూరప్ దేశాల కప్పు, సెమీఫైనల్, నేపుల్స్‌లో ఇటలీ, సోవియట్ యూనియన్. అదనపు సమయం అయినా సున్నాకు సున్నా. రెఫరీ ఇద్దరు కెప్టెన్లనూ లోపలికి పిలుచుకోనిపోయి బిళ్ళ ఎగరేసినాడు. ఇటలీ కెప్టెన్ ఫాచెట్టి గెలిచినాడు, ఇటలీ ఫైనల్‌కు పోయింది, కప్పు కూడా ఎత్తింది. రెండు గంటలు చెమటోడ్చినోళ్ళు ఒక బిళ్ళకు ఓడి ఇంటికి పోయినారు. ఇట్లాంటివి చూసి చూసి, ఆట రూల్సు రాసే ఐఎఫ్‌ఏబీ 1970లో షూటౌట్‌కు ఒప్పుకునింది.

మరి ఇప్పుడు షూటౌట్ ఎట్ల మొదలవుతుంది? రెండు టాసులతో! ఏ గోల్‌పోస్టు అని ఒకటి, ఎవరు ముందు అని ఇంకోటి. గోల్‌పోస్టుది పెద్ద విషయం కాదు, రెండు జట్లూ ఒకేవైపు తంతాయి, గాలీ దుమ్మూ ఇద్దరికీ సమానమే. రెండోదే నా తగాదా. వాకిట్లో నుంచి తరిమేసినాం అనుకున్న బిళ్ళ దొడ్డిదారిలో వచ్చి కూర్చునింది.

లెక్కలు కూడా చెప్తా. 2010లో ఇద్దరు ఆర్థికవేత్తలు, అపెస్టెగియా, పలాసియోస్-హుయెర్తా, పాత షూటౌట్లు ముందరేసుకోని లెక్క తీసినారు. ముందు తన్నిన జట్టు సుమారు 60 శాతం గెలుస్తుందని తేలింది. అయితే 2012లో వేరేవాళ్ళు ఇంకా ఎక్కువ షూటౌట్లు తీసుకోని చూస్తే 53 శాతం దగ్గరే వచ్చింది, అది పెద్ద తేడా కాదన్నారు. ప్రపంచకప్ ఫైనల్స్ చూస్తారా, షూటౌట్‌కు పోయినవి మూడు. 1994లో ముందు తన్నిన ఇటలీ ఓడింది, 2006లో ముందు తన్నిన ఇటలీ గెలిచింది, 2022లో ముందు తన్నిన ఫ్రాన్స్ ఓడింది. "ఇంకేముంది అన్నా, నీ వాదన పాయె" అని కింద కామెంటు పెట్టబోతారు, తెలుసు. మూడు మ్యాచ్‌లతో ఏం తేలుతుంది నాయనా? 60 కాదు, 53 అనే పెట్టుకోండి. ఖర్చు లేకుండా సరిచేయగలిగే తేడాను ఎందుకు ఉంచుకోవాల?

మన ఊర్లల్లో అన్నదమ్ములు ఆస్తి పంచుకునేటప్పుడు ఏం చేస్తారు? పెద్దోడు భాగాలు పెడితే చిన్నోడు ముందు కోరుకుంటాడు. పెట్టేదీ వాడే, ఏరుకునేదీ వాడే అంటే ఏ పెద్దమనిషీ ఒప్పుకోడు. షూటౌట్‌లో మాత్రం ముందు తన్నినోడే ప్రతి జతలోనూ ముందు తంతాడు.

దీనికి మందు ఉండాది, పేరు ఏబీబీఏ. ఏ అంటే మేము, బీ అంటే మీరు అనుకోండి. మాది ఒకటి, మీవి రెండు, మావి రెండు, మీవి రెండు, మావి రెండు, ఆఖరున మీది ఒకటి. లెక్కబెట్టుకోండి, ఐదూ ఐదూ. వెంటబడే పని ఒకసారి మీది, ఒకసారి మాది. 2017లో దీన్ని పరీక్షించినారు కూడా. ఆ ఆగస్టులో ఇంగ్లండులో కమ్యూనిటీ షీల్డ్ మ్యాచ్, ఆర్సెనల్, చెల్సీ జట్లకు. చెల్సీ తరఫున గోల్‌కీపర్ కోర్త్వా వచ్చి ఆకాశానికి తన్నినాడు, వెంటనే మొరాటా వచ్చి పక్కకు కొట్టినాడు. రెండూ చెల్సీవే, వరసగా! ఆర్సెనల్ 4-1తో గెలిచింది. చూసేవాళ్ళకు ఇప్పుడు ఎవరి వంతో అర్థం కాలేదు, ఒప్పుకుంటా. 2018 నవంబరులో ఐఎఫ్‌ఏబీ, ఇది తికమకగా ఉంది, గట్టిగా అడిగేవాళ్ళూ లేరని పక్కన పెట్టేసింది.

తికమక అంట! టెన్నిస్ టైబ్రేక్ చూడండి. ముందు ఒక సర్వీసు, తర్వాత ఇద్దరూ రెండేసి. ఇదే వరస. టెన్నిస్ చూసేవాళ్ళకు లేని తికమక ఫుట్‌బాల్ చూసేవాళ్ళకు ఎట్ల వచ్చింది?

పోనీ రూల్స్ మార్చడం వాళ్ళకు చేతకాదా అంటే, అదీ కాదు. 2022 ప్రపంచకప్ ఫైనల్‌లో అర్జెంటీనా కీపర్ మార్టినెజ్, ఫ్రాన్స్ ఆటగాడు చువామెని తన్నేముందు బాలును దూరంగా విసిరేసినాడు, చువామెని బయటికి కొట్టినాడు. మరుసటి ఏడాదికే కీపర్ అట్ల తన్నేవాణ్ణి చెడగొట్టకూడదు, ఆలస్యం చేయకూడదు, పోస్టులు, నెట్టు పట్టుకోని ఊపకూడదు అని రాసేసినారు.

ఇంకోటి. మా ఊర్లో స్పెయిన్ అంటే కొత్త కాదు. ఆర్‌డీటీ అనే సేవాసంస్థ పెట్టిన స్పెయిన్ మనిషి విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ ఆ చుట్టరికం ఉండాది. ఆర్‌డీటీ గ్రౌండ్‌లో ఆడుకునే పిల్లోళ్ళు రియల్, అట్లెటికో అని ఆ రెండు మాడ్రిడ్ జట్ల కోసం కొట్లాడతారు. 2025 మార్చిలో యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్‌లో ఆ రెండింటికే షూటౌట్ పడింది. అట్లెటికో ఆల్వారెజ్ కాలు జారి, బాలు రెండు కాళ్ళకూ తగిలింది. గోలు పడింది, కానీ చెల్లదన్నారు. 4-2తో రియల్ గెలిచింది. జూన్‌కల్లా ఐఎఫ్‌ఏబీ చెప్పింది: పొరపాటున రెండు కాళ్ళకు తగిలి గోలయితే, మళ్ళా తన్నించాల. మూడు నెలలు! ఒక వేలు తగిలినదానికి మూడు నెలల్లో రూలు మారుతుంది, వరసకు మాత్రం తికమక.

ఏబీబీఏ అన్నిటికీ మందు అని నేను అనను. 2012 యూరో సెమీఫైనల్‌లో పోర్చుగల్ రొనాల్డోను ఐదోవానిగా దాచిపెట్టుకునింది, వాని వంతు రాకముందే స్పెయిన్ 4-2తో ముగించేసింది. ఆ తప్పును ఏ వరసా సరిచేయదు, అది వాళ్ళు చూసుకోవాల్సింది.

బిళ్ళ ఎంత మొండిదో చెప్తా వినండి. 2024 ఫిబ్రవరి, ఢాకా. శాఫ్, అంటే దక్షిణాసియా దేశాల, అండర్-19 ఆడపిల్లల ఫైనల్, మనకూ బంగ్లాదేశ్‌కూ. ఒకటికి ఒకటి సమం. షూటౌట్‌లో ఐదైదుకు తేలక, కీపర్లతో సహా పదకొండు మందీ వేసినారు, రెండు పక్కలా. 11-11. రూలు ప్రకారం మళ్ళా మొదటి నుంచి తన్నాల, తేలేదాకా తన్నాల. మ్యాచ్ కమిషనర్ టాస్ వేయమన్నాడు! మనవాళ్ళు టాస్ గెలిచి ఎగిరినారు, బంగ్లాదేశ్ అమ్మాయిలు ఒప్పుకోలేదు, పెద్ద గలాటా. ఆఖరికి ఇద్దరినీ విజేతలుగా ప్రకటించినారు. మనం గెలిచిన టాస్ అయినా చెప్తున్నా, ఆ పిల్లలు ఒప్పుకోకపోవడమే న్యాయం. ఇరవై రెండు మంది ఒక్కటి కూడా తప్పకుండా వేస్తే, దాని మీద బిళ్ళ ఎగరేస్తారా?

సరే, మా కాలనీ సంగతి. వచ్చే ఆదివారం మళ్ళా అదే రెండు జట్లకు మ్యాచ్ పెట్టినాం. సమం అయితే ఏబీబీఏనే అని పీఈటీ సారును ఒప్పించినా. ఆయన ఎర్రమట్టిలో పుల్లతో "మా, మీ, మీ, మా" అని రాసుకోని రెండుసార్లు చదువుకున్నాడు. పిల్లోళ్ళకు ఒక్కసారికే అర్థమయింది. మా చిన్నాయన కొడుకు మాత్రం "నన్ను ఐదోది తన్నమనొద్దు, మూడోది ఇయ్యి" అంటున్నాడు. పెంకు కూడా జేబులో వేసుకున్నాడు, ఈసారి ఉమ్మేది తనేనంట.