కుచ్చుకి వచ్చేవి, బురదకి వచ్చేవి

అందరికీ నమస్కారం.

కార్తీకం రాగానే కాకినాడ వైపు పిట్టల గురించి మాట్లాడితే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "రోజూ గింజలు వేస్తున్నామండీ, పిచ్చుకలూ పావురాలూ తప్ప కొత్త పిట్ట ఒక్కటీ రాదేం?"

రాదండీ. ఈ రోజుల్లో సైబీరియా నుంచీ మధ్య ఆసియా నుంచీ మన ఇళ్ళ దాకా వచ్చేవాటిలో చాలావరకు గింజ ముట్టవు. వాటికి పురుగు కావాలి, నీళ్ళు కావాలి. ఒడ్డున దిగేవాటికి బురద కావాలి. గింజ మన ఊరి పిట్టలకి.

ముందు గింజ సంగతే చూద్దాం. కొనుక్కొచ్చిన ప్లాస్టిక్ డబ్బా కంటే మన వరి కుచ్చే మేలు. అభిమానం కొద్దీ అంటున్న మాట కాదిది. డబ్బా అంచు మీద పావురం దర్జాగా కూర్చుంటుంది, మిగతావాటిని తరిమేస్తుంది. ఊగే కంకిని పట్టుకుని వేలాడటం దాని వల్ల కాదు. పిచ్చుక, మునియా తలకిందులుగా వేలాడి మరీ తింటాయి.

కంకి పండాలి గానీ రాలే దశకి రాకూడదు. కింద జానెడు కాడ ఉంచి కోయండి. అల్లే ముందు కాడల మీద నీళ్ళు చిలకరించి అరగంట తడిగుడ్డలో చుట్టి ఉంచితే విరగవు. చిన్న కుచ్చుకి రెండు గుప్పిళ్ళ కంకులు చాలు. చూరు కింద, వాన జల్లు కొట్టనిచోట, పిల్లి ఎగిరినా అందనంత ఎత్తులో కట్టండి. సీలింగ్ ఫ్యాన్ తిరిగే వసారాలో మాత్రం వద్దు. పిచ్చుకలు నేరుగా రెక్కల్లోకి వెళ్ళిపోతాయి.

చెడేది ఎక్కడంటే, నవంబరు అల్పపీడనాల్లో. రెండు రోజులు ముసురు పడితే కుచ్చు లోపలి కంకులు నల్లబడతాయి. ఎండలో పెట్టి మళ్ళీ కట్టేవాళ్ళున్నారు. బూజు ఎండిపోతుంది, అది వదిలిన విషం పోదు. కుచ్చు తీసేయడమే. ఈమధ్య మందు కొట్టిన చేలో కంకులు తేవద్దు. రంగు పట్టించిన విత్తనాలు అసలే వద్దు, ఆ రంగుతో పాటు మందు ఉంటుంది.

ఇక దూరపు చుట్టాలు. మందార పొదలోంచి రెండు గులకరాళ్ళు కొట్టినట్టు "టక్... టక్" అని వినిపిస్తే అది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. మట్టిరంగు, పిచ్చుక కంటే సన్నం. కనిపించేది తక్కువ, వినిపించేది ఎక్కువ. సెప్టెంబరులో దిగితే ఏప్రిల్ దాకా ఉంటుంది. దాన్ని ఉంచేది ఆ పొద, ఆకుల అడుగున పురుగు. కత్తిరించి గోడలా చదును చేసిన మొక్కల్లో ఉండదు. రాలిన ఆకుల్ని ఒక మూలైనా ఊడవకుండా వదిలితే, పొన్నంగి పిట్ట (ఇండియన్ పిట్టా) దక్షిణానికి పోతూ ఒకటి రెండు రోజులు ఆగి ఆకులు తిరగేస్తుంది.

నీళ్ళకి మట్టి మూకుడు చాలు. లోతు రెండంగుళాలు మించకూడదు, మధ్యలో గరుకు రాయి ఒకటి ఉండాలి. నున్నటి స్టీలు పళ్ళెంలో కాలు జారుతుంది. పొదకి ఆనించి పెడితే పిల్లి మాటు వేస్తుంది, అందుకని ఆరడుగులు ఎడంగా పెట్టండి. నీళ్ళు రోజూ మార్చాలి, లేకపోతే పిట్టల కంటే దోమలు ముందు వస్తాయి.

పొన్నంగి పిట్టలు వలసలో రాత్రిళ్ళు ఎగురుతాయి, దీపాలు వెలిగే అద్దాలకి కొట్టుకుని పడతాయి. అలా పడినదాన్ని చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, చీకట్లో, గంటో రెండు గంటలో ఉంచండి. నోట్లో నీళ్ళు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తేరుకోకపోతే అటవీశాఖకి చెప్పండి.

ఇప్పుడు ఒడ్డుకి. కాకినాడలో కుంభాభిషేకం అనే చోట ఉన్న బురదనేలలకి తెల్లారగట్లే వెళ్ళి, అరకిలోమీటరు దూరాన చుక్కలు చూసి వచ్చేవాళ్ళే ఎక్కువ. తప్పు గడియారం చూడటంలో ఉంది. చూడాల్సింది ఆటుపోట్లు. పూర్తి పోటుకి రెండు మూడు గంటల ముందు వెళ్ళి నిలబడితే, పెరిగే నీరే పిట్టల్ని మీ వైపు తోసుకొస్తుంది. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ పెద్ద పోటు, అష్టమి చుట్టూ చిన్నది. ఈ లెక్క వేటకెళ్ళేవాళ్ళని అడిగితే కచ్చితంగా చెబుతారు.

అక్కడ పేర్లే మోసం చేస్తాయి. రెండు రకాల సముద్రపు పిట్టల్ని బ్రౌన్ హెడెడ్ గల్, బ్లాక్ హెడెడ్ గల్ అంటారు, అంటే గోధుమ తలది, నల్ల తలది. చలికాలంలో రెండిటి తలా తెలుపే, కంటి వెనక ఒక మచ్చ మిగులుతుంది. ఎగిరినప్పుడు రెక్క కొస చూడండి. నల్లటి కొసలో తెల్ల మచ్చలుంటే బ్రౌన్ హెడెడ్. రెక్క ముందంచున తెల్లటి పట్టీ ఉంటే బ్లాక్ హెడెడ్. గ్రేట్ నాట్ అనే బురద పిట్టనీ ఇండియన్ స్కిమ్మర్‌నీ తొందరపడకుండా వెతకండి, రెండూ అంతరించే ప్రమాదంలో ఉన్నవే. స్కిమ్మర్‌కి కింది ముక్కు పైదాని కంటే పొడవు. దాన్ని నీళ్ళలో ముంచి గీత గీసినట్టు ఎగురుతుంది.

మేస్తున్న గుంపు తలలెత్తి ఒక్కసారిగా ఆగిందంటే అక్కడే ఆగిపోండి. ఇంకో నాలుగడుగులు వేస్తే లేస్తుంది, మేత మేసే గంటలు వృథా అవుతాయి. గుంపులో ఎన్నున్నాయో తేల్చాలంటే, ముందు పది పిట్టల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర పట్టిందో కంటితో కొలిచి, అదే కొలతతో గుంపంతా చూడండి.

పిట్ట కాలికి పరిశోధకులు గుర్తుగా కట్టిన రంగు పట్టీ కనిపిస్తే ఫొటో తీయండి. ఏ కాలికో, మోకాలి పైనో కిందో, పైనుంచి కిందకి రంగుల వరస, అక్షరాలుంటే అవీ రాసి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. ఎడమ అంటే పిట్ట ఎడమండీ, మీ ఎడమ కాదు.