నర్సరీ బిల్లు: ఏ పథకం ఎవరికి?

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండులో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు దంపతులు ఏ పుట్టినరోజు విందులో కలిసినా, ఇళ్ల ధరల తర్వాత వచ్చే మాట నర్సరీ ఫీజే. ‘మాకు ముప్పై గంటలు ఉచితం’ అంటారొకరు. ‘మాకు ఎనభై అయిదు శాతం వెనక్కి వస్తుంది’ అంటారింకొకరు. ఇద్దరూ నిజమే చెబుతారు. విన్న మూడో జంట మాత్రం ఇంటికెళ్లి తమకేదీ రావడం లేదని బాధపడుతుంది. ఎవరికి ఏది వస్తుందో తేలాలంటే ముందు వీసా చూడాలి, తర్వాత ఆదాయం, శాతాల సంగతి ఆ తర్వాతే.

ఉద్యోగ వీసా మీద వచ్చిన వారికి సాధారణంగా ‘పబ్లిక్ ఫండ్స్ వర్తించవు’, అంటే కొన్ని ప్రభుత్వ సాయాలు అందవు అన్న షరతు ఉంటుంది. భార్యాభర్తలిద్దరికీ ఆ షరతు ఉంటే, పిల్లల సంరక్షణ ఖర్చుకు ప్రభుత్వం కొంత కలిపే టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ పథకం గాని, ఉద్యోగులకిచ్చే 30 గంటల ఉచిత సంరక్షణ గాని రావు. పన్ను మాత్రం అందరితో సమానంగా కట్టాల్సిందే! అయితే మూడు, నాలుగేళ్ల పిల్లలకు వారానికి 15 గంటలు ఉచితం. దానికి తల్లిదండ్రుల వీసాతో పని లేదు. తెలియక ఎందరో అడగనే అడగరు.

షరతు లేనివారికి, కనీసం ఇద్దరిలో ఒకరికి లేకపోయినా, 30 గంటల దారి తెరిచి ఉంటుంది. 2025 సెప్టెంబరు నుంచి తొమ్మిది నెలలు నిండిన పిల్లలకూ ఇది వర్తిస్తోంది. కానీ లెక్క ఏడాదికి 38 వారాలకే. దాన్ని ఏడాది పొడవునా సర్దితే వారానికి 22 గంటల లోపే వస్తుంది. భోజనం, డైపర్ల ఖర్చు నర్సరీలు వేరుగా అడగవచ్చు. ‘ఉచితం అన్నారు, మళ్లీ బిల్లేమిటి?’ అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

మిగిలిన ఆ బిల్లు దగ్గరే అసలు ఎంపిక. టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్, తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వమిచ్చే నెలవారీ సాయమైన యూనివర్సల్ క్రెడిట్ రెండూ కలిపి తీసుకోవడానికి వీల్లేదు. నెలకు 800 పౌండ్ల బిల్లు అనుకుందాం. మొదటి పథకంలో మీరు ఆన్‌లైన్ ఖాతాలో 640 వేస్తే ప్రభుత్వం 160 కలుపుతుంది. ప్రభుత్వం కలిపేది మూడు నెలలకు ఒక్కో బిడ్డకు 500 పౌండ్లు దాటదు. రెండో దానిలో 85 శాతం, అంటే 680 దాకా లెక్కలోకి వస్తుంది. ఇక ఆలోచించేదేముంది అనిపిస్తుంది కదా? ఆగండి. కొంత మినహాయింపు పోగా, చేతికొచ్చే జీతంలో ప్రతి పౌండుకు 55 పెన్సుల చొప్పున యూనివర్సల్ క్రెడిట్ తగ్గిపోతుంది. 16,000 పౌండ్లకు మించి పొదుపు ఉంటే అసలే రాదు. స్వదేశంలోని ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఆ లెక్కలోదే. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైన ఇంట్లో ఆ సాయంలో మిగిలేది సాధారణంగా సున్నా. ఒకరు సగం రోజులే పనిచేస్తూ, మరొకరిది చిన్న జీతమైన ఇంట్లో మాత్రం ఇదే మేలు కావచ్చు. అక్కడా ఒక చిక్కు: చాలావరకు ముందు మీరు కట్టి, రసీదు చూపించాకే డబ్బు వస్తుంది.

బాగా సంపాదించేవారికి ఇంకో గొయ్యి ఉంది. ఇద్దరికీ ఏడాదికి చెరో 99,000 పౌండ్ల ఆదాయం ఉంటే సాయం అందుతుంది. ఒకరికే లక్ష దాటి, రెండోవారికి పాతికవేలు ఉన్నా టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్, 30 గంటలు రెండూ పోతాయి. ఇంతకంటే అసంబద్ధమైన నియమం నేను చూడలేదు. పింఛను నిధిలో ఎక్కువ జమ చేస్తే ఆ ఆదాయం లెక్కలో తగ్గుతుంది కనుక, జీతం పెరిగిన ఏడాదే ఆ లెక్క వేసుకోవాలి.

మన ఇళ్లలో అమ్మమ్మో నాయనమ్మో ఆరు నెలలు వచ్చి చూసుకోవడం మామూలే. ఆవిడకిచ్చే డబ్బుకు ఈ పథకాలేవీ వర్తించవు. రిజిస్టరైన నర్సరీలు, తమ ఇంట్లో పిల్లల్ని చూసుకునే చైల్డ్‌మైండర్ల వంటి వారికిచ్చే ఫీజుకే సాయం.

30 గంటలకు దరఖాస్తు చేసేవారు ఈ గడువు తేదీలు గుర్తుంచుకోండి. జనవరిలో మొదలుపెట్టాలంటే డిసెంబరు 31 లోపు, ఏప్రిల్‌కైతే మార్చి 31, సెప్టెంబరుకైతే ఆగస్టు 31 లోపు, మీ అర్హతను చూపే కోడ్ చేతికి రావాలి. ఒక్క రోజు ఆలస్యమైనా తర్వాతి టర్మ్ వరకు పూర్తి ఫీజే. కోడ్ వచ్చాక కూడా మూడు నెలలకోసారి ‘మా పరిస్థితి మారలేదు’ అని మళ్లీ ధ్రువీకరించాలి.

సెలవు, నమస్కారం.